శుక్రవారం మాత్ర

28 డిసెంబరు 2011, బుధవారం

ప్రభుత్వం శుక్రవారాన్ని రద్దు చేసింది. శుక్రవారం సెలవును కాదు, అచ్చంగా శుక్రవారాన్నే. రేపు గురువారం పడుకుంటే లేచేసరికి శనివారం. ఆస్ట్రేలియాతో, న్యూజిలాండ్‌తో వ్యాపారానికి మనం ఒక రోజు వెనకబడి ఉన్నామట. అందుకని సమోవా మొత్తాన్ని తేదీ రేఖకు అవతలికి జరుపుతున్నారు. మా ఇంట్లో బల్ల జరపాలంటే నలుగురు కావాలి. దేశాన్ని ఒక్క సంతకంతో జరిపేస్తున్నారు.

సులుఫైంగా పొద్దుటినుంచి మూడుసార్లు వచ్చింది. ఈవిడ డీకన్ తోమాసి భార్య, స్త్రీల కమిటీ అధ్యక్షురాలు, నా కడుపుకి తనంతట తానే నియమించుకున్న కాపలాదారు.

"అయ్యగారూ, ఒక రోజు మింగేస్తే దేవుడు ఊరుకుంటాడాండీ?" అని అడిగింది మా ఆయన్ని.

"దేవుడికి తేదీలు లేవమ్మా."

"మరి మనకో?"

"మనకి ప్రభుత్వం ఉంది," అన్నారాయన. పాస్టరుగా పదకొండేళ్ళ సేవలో ఆయన చెప్పిన అతి చిన్న ప్రసంగం ఇదే. నాకు నచ్చింది.

29 డిసెంబరు, గురువారం

సాయంత్రం ప్రార్థన గంట కొట్టారు. గంటంటే గంట కాదు. చెట్టుకి వేలాడే ఖాళీ గ్యాస్ సిలిండరు, దాన్ని తోమాసి ఇనుప కడ్డీతో బాదుతాడు. అది మోగగానే ఊరంతా ఇళ్ళల్లోకి చేరి మోకరిస్తారు. నేను మాత్రం మోకరించే ముందు కుట్టుమిషను సొరుగు తెరిచి, బొత్తాల డబ్బా కింద నుంచి అట్ట తీసి, ఒక మాత్ర మింగుతాను. ఆరు నెలలుగా ఇదే వరస. ప్రభువుకంటే ముందు మాత్ర. క్షమించాలి ప్రభువు.

మాత్రలు ఇనుమువని ఆయనకి చెప్పాను. కాన్పులో పోయిన రక్తం మళ్ళీ పట్టడానికి. ఇనుము మాత్రలకి ఒక్కోదానికి ఒక్కో వారం పేరెందుకని ఆయన ఎప్పుడూ అడగలేదు. వేదాంత కళాశాలలో అలాంటివి నేర్పరు కాబోలు.

గురువారం మాత్ర అయిపోయింది. తర్వాతి దాని మీద శుక్రవారం అని ఉంది.

31 డిసెంబరు, శనివారం

నిన్నటి పేజీ ఖాళీగా వదిలేశాను. ఈ డైరీ అచ్చు వేసిన బీమా కంపెనీవాళ్ళకి శుక్రవారం పోతుందని తెలియదు, పాపం పేజీ పెట్టారు. నేను ప్రభుత్వానికి విధేయురాలిని.

అర్ధరాత్రి సిలిండరు మోగింది, అందరూ పాడారు, మెలె లేచి పాలకి ఏడ్చింది. ఏడు నెలల పిల్లకి తేదీ రేఖ అంటే ఏం తెలుసు.

సాయంత్రం గంట మోగాక అట్ట తీస్తే ఎదురుగా శుక్రవారం మాత్ర. ఈ రోజు శనివారం. కాసేపు ఆలోచించి శనివారందే మింగాను. లేని రోజుకి మాత్రెందుకు? తెలివైన పనే చేశాను.

2 జనవరి 2012, సోమవారం

కొత్త డైరీ ఇంకా ఎవరూ ఇవ్వలేదు. పాతదాని వెనక ఖాళీ కాగితాలున్నాయి, చాలు.

ప్రార్థన వారం మొదలైంది. గంట మోగేసరికి నేను గుడిలో మొదటి బెంచీ మీద, తెల్ల బట్టల్లో, తెల్ల టోపీలో, నలుగురు ఆడపిల్లల్ని వరసగా కూర్చోబెట్టుకుని ఉండాలి. పాస్టరమ్మ కదా. మాత్ర ఇంట్లో ఉంది. ఆరాధన రెండు గంటలు. తర్వాత కమిటీ ఇంట్లో చేమదుంపలూ, కొబ్బరిపాలలో ఆకులూ, కోకో అన్నమూ, వాటికంటే పొడుగ్గా ముసలి పెద్దల ఉపన్యాసాలూ. ఇంటికొచ్చి మాత్ర వేసుకునేసరికి నాలుగు గంటలు ఆలస్యం. ఇనుము మాత్రే కదా, ఒక పూట అటూ ఇటూ అయితే ఏం?

ఇది నేనే రాశానా. అబద్ధం ఆడగా ఆడగా ఆడినదానికే నమ్మకం కుదిరినట్టుంది.

ఆయన ప్రసంగం ఈ రోజు బాగా కుదిరింది. ప్రసంగం కుదిరిన రోజు ఆయన హుషారుగా ఉంటారు. ఇంతకంటే రాయను.

3 జనవరి, మంగళవారం

మళ్ళీ నాలుగు గంటలు.

ఆయన చొక్కా బొత్తం తెగితే ఆయనే కుట్టుకున్నారట. సూది ఏ చివర గుచ్చుకుంటుందో తెలియని మనిషి. "నన్ను పిలవచ్చుగా," అంటే, "నీకు పని ఎక్కువైంది," అన్నారు. బొత్తం వంకరగా ఉంది. మనిషి కూడా కాస్త అదోలా ఉన్నారు. పడక ఆఫీసు గదిలోకి మార్చారు. ఆదివారం ప్రసంగం గట్టిదట, ఏకాంతం కావాలట. సరే, అక్కడి చాప కింద సిమెంటు కూడా గట్టిదే.

5 జనవరి, గురువారం

చుక్క.

అంతే. గోరంత. పొద్దున చూశాను. మెలె పుట్టాక నాకు ఇంకా నెలసరి మొదలవలేదు. ఇదేమిటో తెలియడం లేదు.

ప్రార్థన వారంలో రోజుకొక అంశం. సోమవారం ప్రభుత్వం, మంగళవారం పంటలు, బుధవారం రోగులు. ఈ రోజు అంశం నేను. సులుఫైంగా లేచి, చేతులు చాచి, కళ్ళు మూసుకుని, "ప్రభువా, మా అయ్యగారింటికి ఒక మగబిడ్డనియ్యి. అమ్మగారి గర్భాన్ని తెరువు," అని పది నిమిషాలు అడిగింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు. ఇక్కడ ఊళ్ళో కత్తిపీటలన్నీ ఒకేసారి ఆమెన్ అన్నాయి. నేనూ అన్నాను. ఆయన ఆమెన్ మాత్రం నాకు వినపడలేదు, అప్పుడే ఆయనకి దగ్గొచ్చింది.

గర్భాన్ని తెరువు, అట. పోయినసారి తెరిచింది మూయడానికి డాక్టర్లకి నాలుగు గంటలు పట్టింది.

6 జనవరి, శుక్రవారం

మళ్ళీ చుక్క. ఈ శుక్రవారం ఉంది. మాత్రా మింగాను, నాలుగున్నర గంటలు ఆలస్యంగా.

పోయిన శుక్రవారం మాత్ర అట్టలో ఒక్కటే ఉంది. ఒక మాత్ర మిగిలిందంటే ఒకటి మింగలేదనే కదా. తెలివైన పనే చేశాననుకున్నాను.

8 జనవరి, ఆదివారం

ఈ ఊళ్ళో ఆదివారం తెలుపు తప్ప ఇంకో రంగు లేదు. నా పరువు తీయడానికి చుక్కకి ఇంతకంటే మంచి రోజు దొరకదు.

చివరి కీర్తనకి లేవబోతుంటే వెనక బెంచీలోంచి సులుఫైంగా చెయ్యి నా భుజం మీద పడింది. "లేవకండి అమ్మగారూ." తన నడుముకున్న గుడ్డ విప్పి, ఎవరూ చూడకుండా నా నడుముకి చుట్టి, నన్ను పక్క తలుపులోంచి బయటికి నడిపించింది. అంత పెద్ద మనిషి అంత నెమ్మదిగా నడవగలదని నాకు తెలియదు. మెట్ల దగ్గర ఆగి నా ముఖం చూసింది. కళ్ళ నిండా నీళ్ళు.

"పోయిందా అమ్మగారూ?"

"ఏం పోయింది?"

"గురువారం అడిగాం. అప్పుడే ఇచ్చాడు. ఇంతలోనే తీసుకున్నాడు," అంది.

మూడు రోజుల్లో కడుపు రావడమూ పోవడమూ ఏ లెక్కన కుదురుతుందని అడుగుదామనుకున్నాను. ఆవిడ నిజంగా ఏడుస్తోంది. "కాదు, ఊరికే ఒంట్లో బాగోలేదు," అన్నాను. అలా అనడమే తప్పయింది. సాయంత్రానికి ఏడిళ్ళ నుంచి సూపు వచ్చింది. గుడిపిల్లలు వచ్చి నా బట్టలు నేను ఉతుక్కుంటుంటే లాక్కుని ఉతికి దండెం మీద ఆరేశారు. పాస్టరింటి దండెం మీద ఆరేది బట్టలు కాదు, వార్తలు. పోయిన శుక్రవారానికి ఊళ్ళో ఒక్కరూ ఏడవలేదు. లేని కొడుక్కి ఊరంతా ఏడుస్తోంది.

ఆయన చాలాసేపు గుమ్మంలో నిలబడ్డారు.

"ఒంట్లో ఎలా ఉంది?"

"ఇనుము తక్కువైనట్టుంది."

"మాత్రలు వేసుకుంటున్నావా?"

"వేసుకుంటున్నాను."

"అన్నీ?"

"అన్నీ," అన్నాను.

ఇంకాసేపు నిలబడి ఆఫీసు గదికి వెళ్ళిపోయారు. గట్టి ప్రసంగం ఈ రోజే అయిపోయింది కదా, ఇంకా ఆ గదిలో ఏం పనో. నామీద విసుగు పుట్టినట్టుంది. కొడుకుని ఇవ్వని భార్య, తెల్ల బట్టలు పాడుచేసే భార్య. పుట్టనీ. నాకేం.

9 జనవరి, సోమవారం

రాయకూడదనుకున్నది రాస్తాను. ఎవరూ చదవరు కదా.

మెలె పుట్టిన రోజు నా కింద పరుపు మూడుసార్లు మార్చారు. చలి వేసింది. ఆపియా ఆసుపత్రిలో, మే నెలలో, చలి. ఏడుగురి రక్తం ఎక్కించారు. తర్వాత డాక్టరు మంచం పక్కన కూర్చుని, "ఇంకొకరు వద్దమ్మా. ఇంకొకరంటే ఈ నలుగురికీ తల్లి ఉండదు," అన్నాడు. ఆయనకి మాత్రం "ఒక ఏడాది విశ్రాంతి అన్నారు," అని చెప్పాను. ఎందుకు సగమే చెప్పాను? ఆయన "ప్రభువు చిత్తం" అంటారేమోనని. ఒకసారి ఆ మాట ఆయన నోట్లోంచి వస్తే నేను ఆయన్ని జన్మలో క్షమించలేను. అడగకపోతే అనరు కదా. అందుకని అడగలేదు.

నాకు చావంటే భయం. పాస్టరు భార్యకి ఉండకూడదట. ఉంది.

11 జనవరి, బుధవారం

నెలకోసారి నర్సు వచ్చి కమిటీ ఇంట్లో పసిపిల్లల్ని తూచే రోజు. కమిటీ ఇంటికి గోడలు లేవు, స్తంభాలే. గోడలకి చెవులుంటాయంటారు. గోడలే లేకపోతే చెవులకి అడ్డే లేదు.

నర్సు లాంగి నాతో బడిలో చదివింది. నా మాత్రల సంగతి తెలిసినది ఈ భూమ్మీద తనొక్కతే. పైకి "అమ్మగారూ, పాపని ఇలా ఇవ్వండి," అంది. మెలెని తూకం ఊయలలో పెట్టి, ముల్లు చూసే వంకతో వంగి, గొంతు తగ్గించింది.

"ఒసేయ్, ఏంటే ఆ ముఖం?"

"చుక్కలు పడుతున్నాయి. శుక్రవారం మాత్ర మింగలేదు."

"ఏ శుక్రవారం?"

"లేనిది."

లాంగికి నవ్వాగలేదు. తూకం ఊగింది, మెలె కూడా నవ్వింది. "గురువారం సాయంత్రానికీ శనివారం సాయంత్రానికీ మధ్య ఎన్ని గంటలే?"

"ఇరవై నాలుగు."

"మరింకేం? రోజు మారిందని నీ గర్భసంచికి ఎవరైనా కబురు పెట్టారా? దానికి గంటలే తెలుసు. ఆ శుక్రవారాన్ని వదిలెయ్, దాని తప్పేం లేదు." తర్వాత నవ్వు తగ్గింది. "రోజూ ఒకే వేళకి వేస్తున్నావా?"

"గంట కొట్టగానే."

"ప్రార్థన వారంలో కూడానా?"

నేను మెలె కాళ్ళు సర్దాను.

"ఎంత ఆలస్యం?"

"నాలుగు గంటలు. ఒక రోజు నాలుగున్నర."

"ఎన్నాళ్ళు?"

"వారమంతా."

"మూడు గంటలు దాటితే లెక్క తప్పినట్టేనని నీకు ఎన్నిసార్లు చెప్పాను? అలా దాటితే ఆ తర్వాత రెండు రోజులు జాగ్రత్త పడాలని చెప్పానా లేదా? ఆ రోజుల్లో మీ ఆయన..."

"సోమవారం. ఒక్కసారే."

"తర్వాత?"

"తర్వాత ఆఫీసు గదిలో పడుకుంటున్నారు."

"దేవుడున్నాడు."

"దేవుడు కాదు, ప్రసంగం."

అప్పుడే సులుఫైంగా బెత్తెడు దగ్గరికి జరిగింది. లాంగి గొంతు పెంచి, "ఏడు కిలోలు అమ్మగారూ, బంగారంలా ఉంది," అని చీటీలో రాసింది. సులుఫైంగా మెలె బుగ్గ పుణికి వెనక్కి వెళ్ళాక అడిగాను. "చుక్కలు పడ్డాయంటే కడుపు లేనట్టేగా?"

"అలా చెప్పలేం. ఈ మాత్రతో చుక్కలు చాలామందికి మామూలే, ఆలస్యం చేస్తే మరీను. కడుపుతో ఉన్నా కొందరికి కనపడతాయి. ఇప్పుడు పరీక్ష చేస్తే తేలదు. ఆ సోమవారం నుంచి మూడు వారాలు లెక్కపెట్టు. ఇరవై మూడున చేసుకో. ఈలోగా నొప్పి పెరిగినా, రక్తం ఎక్కువైనా ఏ ప్రార్థనలో ఉన్నా లేచి ఆసుపత్రికొచ్చెయ్." పరీక్ష పుల్లని మెలె టీకాల పుస్తకంలో పెట్టి మూసి నా చేతికిచ్చింది. "ఒకవేళ ఉంటే?" అన్నాను. లాంగి నా చెయ్యి వదల్లేదు. "ఉంటే ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికెళ్దాం. ముందు మీ ఆయనకి చెప్పవే."

చెప్పడం ఎంత తేలికో, చెప్పేవాళ్ళకి.

కాబట్టి శుక్రవారం నిర్దోషి. అసలు దోషి ప్రార్థన. నాకు మగబిడ్డనిమ్మని ఊరంతా మోకరించి, నా మాత్ర నన్ను వేళకి వేసుకోనివ్వలేదు. ప్రార్థనలు ఇలా ఫలిస్తాయని సులుఫైంగాకి తెలిస్తే సాక్ష్యం చెప్పుకుంటుంది.

12 జనవరి

చుక్క.

14 జనవరి

లేదు.

15 జనవరి, ఆదివారం

తెలుపు కింద రెండు లంగాలు, వాటి కింద మడతపెట్టిన తువ్వాలు. బాతులా నడిచాను. అందరూ నాకు దారిచ్చారు, దుఃఖంలో ఉన్నదాన్ని కదా.

17 జనవరి

వికారంగా ఉంది. ఏడో ఇంటి సూపు ఇంకా తాగుతున్నాను, అందువల్లే. కచ్చితంగా అందువల్లే.

18 జనవరి

సూపు మానేశాను. వికారంగానే ఉంది.

20 జనవరి, శుక్రవారం

పెద్దదానికి జడ వేయడం నేర్పాను, చెల్లెళ్ళకి వేస్తుందని. పదేళ్ళది. "నువ్వు వేస్తావుగా అమ్మా," అంది. "నాకు పనుంటుంది," అన్నాను. గంటసేపు కూర్చోబెట్టి మూడోదానికీ రెండోదానికీ వేయించాను. చెయ్యి తిరిగింది. ఆయన ఆఫీసు కిటికీలోంచి చూస్తూ ఉన్నారు. నేను చూడగానే పుస్తకం తీశారు. పుస్తకం తలకిందులుగా ఉంది.

22 జనవరి

రేపు.

23 జనవరి, సోమవారం

పొద్దున పిల్లలు లేవకముందు స్నానాలగదిలో. ఒక్క గీత. పది నిమిషాలు చూశాను, రెండోది రాలేదు. ఎండలో పట్టుకుని మళ్ళీ చూశాను. ఒక్కటే.

నేలమీద కూర్చుండిపోయాను. నవ్వొచ్చింది, తర్వాత ఆగలేదు. నోట్లో తువ్వాలు కుక్కుకున్నాను. బతికాను. ఇంకా నాలుగు జడలు నేనే వేస్తాను.

లేచాక, డైరీలో ఆ ఖాళీ పేజీ గుర్తొచ్చింది. ముప్పై డిసెంబరు, శుక్రవారం. లేని రోజు. ఎవరితోనూ అననివి అక్కడ రాస్తే అన్నట్టూ కాదు, అననట్టూ కాదు. ఇనుము మాత్రలు ఇనుమువి కావని ఆ పేజీలో రాసి మూసేద్దామనుకున్నాను.

తెరిస్తే పేజీ ఖాళీగా లేదు. ఆయన చేతిరాత, ప్రసంగాలు రాసే ఆ కోడిగీతలు. ఇక్కడ మళ్ళీ రాసుకుంటున్నాను, ఎందుకో.

"ఎసెతా, ఈ రోజు దేశంలో లేదు కాబట్టి నేను నీ డైరీ తెరిచినట్టు కాదు. వేరే ఏ పేజీ చదవలేదు. బొత్తం కోసం దారం వెతుకుతుంటే నీ ఇనుము మాత్రలు కనపడ్డాయి. శుక్రవారంది అలాగే ఉంది. మర్చిపోయావేమోనని నాకు భయంగా ఉంది. డాక్టరు నీతో చెప్పిన మాట ముందు నాతోనే చెప్పాడు. నువ్వు చెప్తావని ఎదురుచూశాను. నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు. అంతవరకూ నేను ఆఫీసు గదిలో ఉంటాను. మెలె పుట్టిన రోజు ఆసుపత్రి కారిడార్లో నేను చేసిన ప్రార్థనలో కొడుకు మాట లేదు. ఇయెరెమియా."

మొదట కోపం వచ్చింది. నా సొరుగు, నా డైరీ. ఇరవై రోజులు నేను ఒక్కదాన్నే చచ్చిపోతుంటే ఈయన పక్క గదిలో నాతోపాటు చచ్చిపోతూ ఒక్క మాట అనలేదు. డైరీ పట్టుకుని ఆఫీసు గదికి వెళ్ళాను. చాప మీద కూర్చుని ఉన్నారు, వీపు పట్టేసినట్టుంది.

"ఎందుకడగలేదు?"

"నువ్వు ఇనుమన్నావు. ఇనుమే అనుకుందామనుకున్నాను." వీపు రుద్దుకుంటూ, "పాస్టరుగా నాకదే తేలిక. అడిగితే జవాబు చెప్పాలి. ఊళ్ళో వాళ్ళకీ చెప్పాలి. నాకంత ధైర్యం లేదు," అన్నారు.

"మరి మగబిడ్డ ప్రార్థనకి ఆమెన్ అన్నారు."

"అనలేదు. దగ్గాను."

నాకు ఏడుపొచ్చింది. పుల్ల ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని చాలాసేపు చూసి, "ఒక గీతంటే ఏమిటి?" అన్నారు. నిజంగానే వేదాంత కళాశాలలో ఏమీ నేర్పరు. చెప్పాను. చుక్కల గురించి, మూడు గంటల గురించి, అసలు దోషి ప్రార్థన వారమన్న సంగతి గురించి అన్నీ చెప్పాను. అదొక్కటి వినలేనట్టు ముఖం పెట్టారు.

24 జనవరి, మంగళవారం

ఆపియాలో మా ఇద్దరికీ వచ్చే వారం డాక్టరు దగ్గర వేళ ఇచ్చారు. ఇంకా పక్కాగా ఉండే పద్ధతులున్నాయట, మగవాళ్ళకి కూడా. ఆయనే ఫోను చేశారు. ఫోనులో "ఒక స్నేహితుడి గురించి" అని మొదలుపెట్టారు. మూడో వాక్యానికి స్నేహితుడు పోయి "నేను" వచ్చింది.

సాయంత్రం సులుఫైంగా సూపు తెచ్చింది. వంటింట్లో కూర్చుని, వచ్చే ప్రార్థన వారంలో ఈసారి గట్టిగా పట్టాలి అమ్మగారూ, రోజూ పట్టాలి, అని చెబుతోంది. అప్పుడే సిలిండరు మోగింది. నేను సొరుగు వైపు చూశాను. కదల్లేను, ఆవిడ కళ్ళు నా మీదే ఉన్నాయి.

ఆయన వచ్చారు. ఒక చేతిలో నీళ్ళ గ్లాసు, ఇంకో చేతిలో అట్ట. ఆవిడ ముందే మంగళవారం మాత్ర నొక్కి తీసి నా అరచేతిలో పెట్టారు. శుక్రవారంది ఇంకా అక్కడే ఉంది, అట్టలో.

సులుఫైంగా మెడ సాచింది. "అదేంటండీ అయ్యగారూ, మాత్ర?"

ఆయన ఆవిడ ముఖంలోకి సూటిగా చూశారు. దగ్గలేదు.

"ఇనుము," అన్నారు. "ఆవిడకి ఇది రోజూ ఈ వేళకే పడాలి. ఇకమీదట ప్రార్థన ఆ తర్వాతే."